క్లౌడ్‌లో బాడుగ ఇల్లు మారడం: మన ఫోటోలు, కాగితాలు చేసిన వలస

మన ఇళ్లల్లో వలస కథ చెప్పేటప్పుడు మనుషుల సంగతే చెప్తాం. ఎవరు చిత్తూరు పక్క నుంచి కోలారు గనులకు వచ్చారు, ఎవరు మద్రాసులో ఆగిపోయారు, ఎవరు హోసూరు దగ్గర భూమి కొన్నారు, ఇట్ల. వాళ్ళతో పాటు వచ్చిన కాగితాల సంగతి ఎవరూ చెప్పరు. పెట్టెలో ఏమేమి వచ్చినాయి, దారిలో ఏవి పోయినాయి అని లెక్క రాసిపెట్టిన ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆ పెట్టె కూడా లేదు. పెళ్ళి ఫోటోలు, అవ్వ పాడిన మంగళహారతి రికార్డు, తాత సర్వీసు పుస్తకం స్కాన్లు అన్నీ ఏదో ఒక కంపెనీ సర్వర్లో ఉన్నాయి. దాన్నే క్లౌడ్ అంటున్నాం. అది సొంతిల్లు కాదు, బాడుగ ఇల్లు. బాడుగ పెరిగినా, ఇల్లుగలాయన ఇల్లు అమ్ముకున్నా, మనం సామాను సర్దుకోవాల్సిందే.

గత ఇరవై ఏళ్ళ పైచిలుకు కాలంలో ఇట్లాంటి ఇళ్ళు ఎట్ల మూతపడ్డాయి, జనం సామాను ఎట్ల మోసుకున్నారు, దారిలో ఏమి జారిపోయింది అనేది ఇక్కడ రాస్తున్నాను. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. స్క్రీన్ మీద "పూర్తయింది" అని వస్తే నమ్మకుండా ఇంకోసారి చూడడమే నా ఉద్యోగం. చదువు కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చుకున్నవి. భాషలో తేడాలుంటే పెద్దలు సర్దుకోండి.

తాటాకుల కాలంలో

ఒక చోటి రాతని ఇంకో చోటికి చేర్చడం కొత్త పని కాదు. తాటాకు ఎక్కువ కాలం ఉండదు, పురుగు పడుతుంది, విరుగుతుంది. కాబట్టి తరానికో రెండు తరాలకో ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీద ప్రతి తీయాల. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఈరోజు తెలుగు తాళపత్రాలు ఉన్నాయంటే, నాయకరాజుల కాలంలో తెలుగు అక్కడికి పోయింది కాబట్టి, ఆ తర్వాత మరాఠా రాజులు కూడా వాటిని పారెయ్యకుండా చూసుకున్నారు కాబట్టి. పాలన మారినా పెట్టె మిగిలింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. తర్వాతి కాలంలో పండితుల్ని జీతానికి పెట్టుకుని తాటాకు ప్రతులని కాగితం మీదకు ఎక్కించాడు. ఒకే పుస్తకానికి చాలా ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో చూపించేవాడు. ఎక్కించడం ఒక పని, పోల్చి చూడడం ఇంకో పని అని ఆయనకు బాగా తెలుసు.

తాటాకు ప్రతుల్లో ఇంకొకటి ఉంటుంది. చివర్లో రాసినవాడు తన పేరు, ఊరు, ఏ సంవత్సరం ఏ తిథినాడు ముగించాడో రాసుకుంటాడు. తర్వాత ప్రతి తీసేవాడు ఆ నాలుగు మాటలు వదిలేస్తే, కావ్యం మొత్తం క్షేమంగానే ఉంటుంది గానీ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది పోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కంప్యూటర్ల కాలంలో కూడా పోతున్నది చానా వరకు అదే.

మొదటి మూతలు

ఇంటర్నెట్‌లో ఫోటోలు దాచే సేవలు 1999, 2000 ప్రాంతంలో మొదలయ్యాయి. ఆఫోటో, షటర్‌ఫ్లై, స్నాప్‌ఫిష్, యాహూ ఫోటోస్ అప్పటివే. యాహూ 2005లో ఫ్లికర్‌ని కొనింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఎందుకని 2007లో యాహూ ఫోటోస్‌ని మూసేసింది. అయితే ఒక మంచి పని చేసింది. ఫ్లికర్‌కే రావాలని పట్టుబట్టకుండా, పోటీ కంపెనీలైన షటర్‌ఫ్లై, స్నాప్‌ఫిష్, కొడాక్ గ్యాలరీ, ఫోటోబకెట్‌లలో ఏదైనా ఎంచుకోమంది. అడిగినవాళ్ళ ఫోటోలని నేరుగా అక్కడికే పంపింది. మామూలు జనం ఒక సేవ నుంచి ఇంకో సేవకు ఫైళ్ళు మార్చుకున్న మొదటి పెద్ద సందర్భాల్లో ఇది ఒకటి.

అట్ల కొడాక్ గ్యాలరీని ఎంచుకున్నవాళ్ళకు అయిదేళ్ళే గడువు దొరికింది. ఆఫోటోనే కొడాక్ 2001లో కొని, తర్వాత పేరు మార్చింది. నూరేళ్ళు దాటిన ఆ కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. గ్యాలరీని షటర్‌ఫ్లైకి 2 కోట్ల 38 లక్షల డాలర్లకు అమ్మి, అదే సంవత్సరం జులైలో మూసింది. మన ఇళ్ళ అటక మీద పసుపు రంగు కొడాక్ కవర్లు ఇంకా ఉన్నాయి. ఆ పేరు పెట్టుకున్న వెబ్‌సైటు మాత్రం లేదు.

కంపెనీల లోకంలో ఇంకా కఠినమైన కథలున్నాయి. 2012 జనవరిలో మెగాఅప్‌లోడ్ అనే ఫైళ్ళు దాచే సేవని కాపీరైట్ కేసులో అమెరికా ప్రభుత్వం ఒక్క రోజులో మూయించింది. దొంగ సినిమాలు పెట్టినవాళ్ళతో పాటు సొంత ఫైళ్ళు పెట్టుకున్నవాళ్ళకు కూడా తలుపు మూసుకుంది. 2013 సెప్టెంబరులో నిర్వానిక్స్ అనే కంపెనీ తన ఖాతాదారులకు రెండు వారాల్లో డేటా తీసుకుపొమ్మంది, తర్వాత అక్టోబరు 15 దాకా పొడిగించింది. టన్నులకొద్దీ సరుకు ఉన్న గోడౌన్‌ని నెల లోపల ఖాళీ చెయ్యమంటే ఎట్ల ఉంటుందో అట్ల అయింది.

మన దేశంలో ఎక్కువమందికి తగిలింది ఆర్కుట్. 2004లో మొదలై, బ్రెజిల్‌లోను మన దేశంలోను బాగా నడిచి, 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఫోటోలు, స్క్రాపులు దించుకోవడానికి 2016 సెప్టెంబరు దాకా సమయం ఇచ్చారు. కాలేజీ రోజుల్లో ఖాతా తెరిచి పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళకు ఆ రెండేళ్ళ గడువు కూడా పనికిరాలేదు. గడువు ఉందని తెలియనివాళ్ళకు గడువు లేనట్టే కదా.

తీసుకుపోయే హక్కు

బాడుగ ఇంట్లో నుంచి మన సామాను మనం తీసుకుపోతాం, అందులో హక్కేముంది అనిపిస్తుంది. డేటా విషయంలో అది అంత సులభంగా రాలేదు. మొదట్లో చానా సేవల్లో లోపలికి ఎక్కించడానికి పెద్ద బటన్ ఉండేది, మొత్తం ఒకేసారి బయటికి తీసుకునే దారి ఉండేది కాదు. గూగుల్‌లో కొంతమంది ఇంజినీర్లు 2007లో డేటా లిబరేషన్ ఫ్రంట్ అని ఒక జట్టు కట్టారు. వాళ్ళ పని ఫలితంగా 2011 జూన్‌లో గూగుల్ టేక్‌అవుట్ వచ్చింది. ఖాతాలో ఉన్నదంతా జిప్ మూటలుగా కట్టి ఇచ్చే సేవ అది.

ఐరోపాలో 2018 మే 25 నుంచి అమలులోకి వచ్చిన జీడీపీఆర్ చట్టం దీన్ని హక్కుగా రాసింది. 20వ అధికరణం ప్రకారం, మనిషి తాను ఇచ్చిన డేటాని వాడుకోగలిగే రూపంలో తిరిగి పొందవచ్చు, వీలైతే నేరుగా ఇంకో కంపెనీకి పంపించమనవచ్చు. అదే సంవత్సరం గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విటర్ కలిసి డేటా ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ ప్రకటించాయి. 2019లో ఆపిల్ చేరింది. 2021లో ఐక్లౌడ్ నుంచి గూగుల్ ఫోటోస్‌కు నేరుగా ఫోటోలు పంపే దారి తెరుచుకుంది. మొదట తెరిచిన దేశాల జాబితాలో మన దేశం లేదు. ఎదురు దిక్కు దారి, అంటే గూగుల్ ఫోటోస్ నుంచి ఐక్లౌడ్‌కు పోయేది, 2024లో వచ్చింది.

మన దగ్గర సంగతి వేరు. 2019లో పార్లమెంటులో పెట్టిన వ్యక్తిగత డేటా బిల్లులో ఈ తీసుకుపోయే హక్కు ఉండేది. ఆ బిల్లుని 2022లో వెనక్కి తీసుకున్నారు. 2023లో వచ్చిన చట్టంలో అది లేదు. కాబట్టి ఇక్కడ మనకు దొరికే దారులు కంపెనీలు తెరిచి పెట్టినన్నాళ్ళే ఉంటాయి. పని వాయిదా వెయ్యకూడదని నేను ఇంట్లో పోరేది ఇందుకే.

2021 జూన్ 1

గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చినప్పుడు, కొంచెం కుదించిన సైజులో ఎన్ని ఫోటోలైనా ఉచితం అంది. మన కుటుంబాల్లో స్కానింగు పని మొదలైంది కూడా దాదాపు అప్పుడే. మేనమామ స్కానర్ కొన్నాడు, చిన్నాయన ఫోన్‌తో ఆల్బమ్ పేజీలు ఫోటో తీశాడు, అన్నీ అందులోకే పోయినాయి. 2020 నవంబరులో గూగుల్ ఒక ప్రకటన చేసింది. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించేవన్నీ మెయిలు, డ్రైవ్‌తో కలిపి 15 జీబీ లెక్కలోకే వస్తాయని. అప్పటి నుంచే మామూలు ఇళ్ళల్లో కూడా "వేరే చోటికి మారుద్దామా" అనే మాట వినపడింది.

మారడానికి ఎంతసేపు పడుతుందో మన చేతి లెక్కతో చూడండి. 1 టెరాబైట్ అంటే 8 లక్షల కోట్ల బిట్లు. ఇంటి కనెక్షన్ సెకనుకు 100 మెగాబిట్లు నిజంగా ఇస్తే 80,000 సెకన్లు, అంటే 22 గంటల పైన. ఎక్కించే వేగం 10 మెగాబిట్లే అయితే 9 రోజులు దాటుతుంది. పెద్ద కంపెనీలకు ఇది నెలలూ సంవత్సరాలూ అవుతుంది. అందుకే అమెజాన్ 2016లో 45 అడుగుల కంటైనర్ లారీని తయారుచేసింది. 100 పెటాబైట్ల దాకా నింపుకుని రోడ్డు మీద పోతుంది. 2024లో దాన్ని ఆపేశారు. మబ్బుల్లో సామాను మార్చడానికి కూడా చివరికి బండి కట్టాల్సి వచ్చింది!

దారిలో జారిపోయేవి

ఫోటో పోవడం అరుదు. పోయేది ఫోటో వెనక రాసింది.

గూగుల్ 2016లో పికాసాని ఆపినప్పుడు ఫోటోలు గూగుల్ ఫోటోస్‌లో కనపడ్డాయి. వాటి కింద జనం రాసుకున్న శీర్షికలు, గుర్తులు, కామెంట్లు చూడాలంటే మాత్రం వేరే చోటు చూపించారు. ఆల్బమ్ ఆర్కైవ్ అనే ఆ వెనక గదిని కూడా 2023 జులైలో మూసేశారు. "ఎడమ నుంచి రెండో ఆవిడ పెద్దత్త" అని ఎవరైనా అక్కడ రాసి, దించుకోకుండా ఉంటే, పెద్దత్త ఫోటోలో ఉంది గానీ పెద్దత్త అని చెప్పేవాళ్ళు లేరు.

తేదీల సంగతి ఇంకా మెలిక. 1964లో తీసిన పెళ్ళి ఫోటోని 2019లో స్కాన్ చేస్తే ఫైల్లో 2019 అనే ఉంటుంది. మనం గూగుల్ ఫోటోస్‌లో కూర్చుని 1964 అని దిద్దుతాం. ఆ దిద్దుబాటు ఫోటో ఫైల్లోకి పోదు. టేక్‌అవుట్‌లో దించుకున్నప్పుడు ఫోటో ఒక ఫైలు, మనం రాసిన తేదీ, వివరణ దాని పక్కన జేసన్ అనే ఇంకో చిన్న ఫైలు. ఈ చిన్న ఫైళ్ళని చెత్త అనుకుని తీసేసేవాళ్ళు చానామంది. కొత్త చోటికి ఫోటోలు మాత్రమే ఎక్కిస్తే, అవ్వ పెళ్ళి 2019లో జరిగినట్టు కనపడుతుంది. తాటాకు చివరి నాలుగు మాటలు వదిలేసి ప్రతి తీసినట్టే.

ఆ జేసన్ ఫైల్లో తేదీ కూడా వింతగా ఉంటుంది. కంప్యూటరు లెక్క 1970 జనవరి 1 నుంచి సెకన్లలో మొదలవుతుంది. అంతకు ముందువి మైనస్‌లో పోతాయి. 1964 జూన్ నడుమ పెళ్ళి అంటే దాదాపు మైనస్ 17 కోట్ల 50 లక్షలు. తేదీలు తిరిగి అతికించే పనిముట్లలో కొన్ని మైనస్ కనపడితే తడబడతాయి. మన తాతల కాలమంతా ఆ మైనస్ వైపే ఉంది కాబట్టి, ఏ పనిముట్టు వాడినా ముందు ఒక పాత ఫోటోతో పరీక్ష పెట్టి చూడండి.

ఇంగ అక్షరాల తంటా. మా ఇంట్లో "మైసూరు స్టేట్ కాగితాలు" అని ఒక ఫోల్డర్ ఉంది. కర్ణాటక అనే పేరు రాకముందు, అంటే 1973కు ముందు, గనుల కాలపు కాగితాలన్నీ దాంట్లోనే. "మై"లో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు, ఒకే గుర్తుగా, లేకపోతే రెండు ముక్కలుగా. పాత మ్యాక్ కంప్యూటర్లు పేరుని ముక్కలు చేసి దాచేవి, చానా ఇతర చోట్ల ఒకే గుర్తుగా ఉంటుంది. కంటికి రెండూ "మైసూరు"నే, కంప్యూటరుకు రెండు వేరే పేర్లు. మార్చేటప్పుడు ఒకే ఫోల్డర్ రెండుగా కనపడవచ్చు, వెతికితే ఒకటి దొరక్కపోవచ్చు. తెలుగులో ఈ ఇబ్బంది ఐత్వం ఒక్కదానికే. కన్నడలో దీర్ఘ ఈ, దీర్ఘ ఏ, ఐ, ఒ, ఓ అయిదింటికీ ఉంది. రెండు లిపుల్లోనూ ఫైళ్ళ పేర్లు పెట్టుకునే మనలాంటి ఇళ్ళు రెండింతలు జాగ్రత్త పడాల.

పేరు పొడుగు కూడా చూసుకోవాల. చాలా లినక్స్ వ్యవస్థల్లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు. గుణింతం, ఒత్తు వేరే లెక్క. అంటే 85 గుర్తులకు మించి పట్టవు. ఫోటోలో ఉన్న పది మంది పేర్లూ ఫైలు పేరులోనే రాస్తే పట్టదు, అవి వివరణలోనో పక్కన ఒక పట్టికలోనో రాయాల.

లెక్క సరిపోయిందా

మేము ఇల్లు మార్చినప్పుడు, అంటే క్లౌడ్ ఇల్లు, మొదట చేసింది లెక్క. పాత చోట ఎన్ని ఫైళ్ళు, ఏ సంవత్సరానికి ఎన్ని అని ఒక కాగితం మీద రాసుకున్నాం. మార్పు అయ్యాక కొత్త చోట 41 తక్కువ వచ్చాయి. వెతికితే, అవన్నీ హోసూరు చిన్నాయన ఖాతాలోవి. మాతో పంచుకున్నాడు కాబట్టి మా ఆల్బమ్‌లో కనపడుతుండేవి, మావి కావు. గనులు 2001లో మూతపడకముందు మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ పక్క తీసిన ఫోటోలు అవి. ఇప్పుడు ఆ క్వార్టర్సులో మనవాళ్ళు లేరు, కొన్ని ఇళ్ళు కూడా లేవు. చిన్నాయనకి ఫోన్ చేసి, ఆయన ఖాతా నుంచే విడిగా దించుకున్నాం. "మీ దగ్గర ఉండాయి గదా అనుకున్నానమ్మా" అన్నాడాయన. మేమూ ఆయన దగ్గర ఉన్నాయి కదా అనుకోవచ్చు, అట్ల రెండు పక్కలా అనుకుంటూ ఉంటే అవి ఎవరి దగ్గరా మిగలవు. పంచుకున్నది మన సొంతం కాదు అన్నది డ్రైవ్‌లో కూడా అంతే. టేక్‌అవుట్‌లో ఇతరులు పంచిన ఫైళ్ళు రావు.

లెక్క సరిపోయినా, లోపల సరుకు సరిగా ఉందా అన్నది రెండో పరీక్ష. దీనికి హ్యాష్ అనే పద్ధతి ఉంది. ఫైలు మొత్తాన్ని ఒక గణితంలో వేస్తే చిన్న సంఖ్య వస్తుంది. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఫైలుకు వేలిముద్ర అనుకోండి. చిక్కేమంటే ఒక్కో సేవ ఒక్కో రకం వేలిముద్ర తీస్తుంది. గూగుల్ డ్రైవ్ ఎండీ5 ఇస్తుంది, 1990ల మొదట్లో రొనాల్డ్ రివెస్ట్ తయారుచేసిన పద్ధతి అది. డ్రాప్‌బాక్స్ ఫైలుని 4 ఎంబీ ముక్కలు చేసి తన పద్ధతిలో తీస్తుంది. వన్‌డ్రైవ్‌ది మూడో పద్ధతి. కాబట్టి రెండు సేవల సంఖ్యలని నేరుగా పోల్చలేం. మధ్యలో మన హార్డ్ డిస్కులో ఒక ప్రతి ఉంటే, దాన్నుంచి రెండు రకాల వేలిముద్రలూ తీసి, ఇటూ అటూ పోల్చవచ్చు. ఆర్‌క్లోన్ అనే ఉచిత పనిముట్టు ఈ పని చేసిపెడుతుంది. కమాండ్ లైన్ తెలిసిన పిల్లలు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు, వాళ్ళని పట్టుకోండి.

డిస్కులో ఆ ప్రతి ఉండడం ఇంకో విధంగా కూడా మేలు. దాన్ని ఖాళీ చెయ్యమని ఎవరూ నోటీసు పంపరు.

పెద్దల ఖాతాలు

చివరిగా, అన్నింటికన్నా తొందర ఉన్న సంగతి. రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలని తీసేస్తామని గూగుల్ 2023 మేలో చెప్పింది, అదే సంవత్సరం డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. పోయిన తాత ఖాతా, ఫోన్ వాడడం మానేసిన అవ్వ ఖాతా, ఇవన్నీ ఆ లెక్కలోకి రావచ్చు. ఖాతా వాడకుండా ఉండిపోతే ఎవరికి తెలియజెయ్యాలి, ఎవరికి ఇవ్వాలి అని ముందే రాసిపెట్టే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచి ఉంది. పెద్దవాళ్ళు బాగున్నప్పుడే పక్కన కూర్చుని, వాళ్ళకు చెప్పి, వాళ్ళ ఇష్టంతో అది చెయ్యాల. వీలునామా కన్నా సులభం, పావుగంట పని.

ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్ళకు ఊరుంది, ఊళ్ళో గుడి ఉంది, అడిగితే చెప్పే ముసలాయన ఉంటాడు. ఇటు వచ్చేసి మూడు నాలుగు తరాలైన మనకు, ఎక్కడివాళ్ళం అని చెప్పేది చానావరకు ఈ ఫోటోలూ ఈ కాగితాలే. వాటి వెనక పేర్లు చదవగలిగినవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరిద్దరే మిగిలారు. అందుకే కొత్త ఇంటికి మారేలోపల చెయ్యాల్సిన పనులు వరసగా చెప్తాను. ముందు లెక్క రాసుకోండి. పంచుకున్నవి ఎవరివో తేల్చుకోండి. జేసన్ ఫైళ్ళు పారెయ్యకండి. ఒక ప్రతి ఇంట్లో డిస్కులో ఉంచండి. కొత్త చోట లెక్క, తేదీలు, తెలుగు పేర్లు మూడూ సరిచూసుకునేదాకా పాత ఖాతాలో ఏదీ తుడపకండి. రెండు చోట్ల రెండు నెలలు బాడుగ కట్టినా నష్టం లేదు.

అన్నిటికన్నా ముందు, అవ్వని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫోటోలో ఎవరెవరున్నారో అడిగి రాసుకోండి. ఫైళ్ళు ఏ సేవలో ఉన్నా, ఈ పని మాత్రం ఏ కంపెనీ చేసి పెట్టదు.